మూడు చారలపై హక్కు ఎంతవరకు?

బూటు పక్కన ఏటవాలుగా సాగే మూడు చారలు ఈనాడు అడిడాస్ గుర్తుగా లోకమంతటికీ తెలిసినవే అయినా, అవి పుట్టింది అలంకారం కోసం కాదు. పరుగులో తోలు సాగిపోకుండా, పాదం కుదురుగా నిలిచేలా కుట్టిన పట్టీలే క్రమంగా గుర్తుగా మారాయి. జర్మనీలోని హెర్జోగెనౌరాఖ్ పట్టణంలో డాస్లర్ సోదరులు కలిసి నడిపిన బూట్ల కర్మాగారం 1948లో చీలిపోయిన తరువాత, అన్న రుడాల్ఫ్ ప్యూమాను స్థాపించగా, తమ్ముడు అడాల్ఫ్ 1949లో అడిడాస్‌ను నమోదు చేశారు. అయితే మూడు చారలను ఫిన్లాండ్ సంస్థ కార్హు అంతకుముందే వాడుతూ ఉండటంతో, 1950ల తొలినాళ్లలో ఆ హక్కును అడిడాస్ కొనుక్కోవలసి వచ్చింది. తరువాతి దావాలను చదివేటప్పుడు ఈ సంగతి మరవరాదు.

అసలు చిక్కు చారల సంఖ్యలో ఉంది. రెండో నాలుగో చారలు వేస్తే అది అనుకరణ అవుతుందా? అమెరికాలో పేలెస్ అనే చౌక పాదరక్షల దుకాణాల సంస్థ సరిగ్గా అటువంటి బూట్లనే అమ్మగా, 2008లో ఓరెగాన్‌లోని జ్యూరీ సుమారు 30.5 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చింది. న్యాయమూర్తి ఆ తరువాత దానిని దాదాపు 6.5 కోట్లకు తగ్గించారు. కొనుగోలుదారుడు రెండు బూట్లను పక్కపక్కన పెట్టి చారలు లెక్కపెట్టడు, మనసులో మిగిలిన అస్పష్టమైన రూపాన్ని బట్టే గుర్తుపడతాడు అన్నదే ఇటువంటి కేసుల్లో అడిడాస్ వాదనకు బలం. బెల్జియం సంస్థ షూ బ్రాండింగ్ యూరప్ బూట్లపై రెండు చారల గుర్తును నమోదు చేయబోతే, 2018 మార్చిలో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు అడిడాస్ పక్షానే నిలిచింది.

మరుసటి ఏడాదే అదే కోర్టులో, అదే ప్రత్యర్థితో జరిగిన మరో వివాదంలో అడిడాస్ ఓడిపోయింది. ఈసారి ప్రశ్న బూటు పక్కభాగానికి పరిమితమైనది కాదు. దుస్తులు, పాదరక్షలు, టోపీల మీద ఏ దిశలోనైనా వేసుకోగల మూడు సమాంతర చారలుగా 2014లో నమోదైన గుర్తుది. యూనియన్ అంతటా ఆ గుర్తుకు విశిష్టత, అంటే చూడగానే అది అడిడాస్‌దేనని జనం గుర్తుపట్టే గుణం, ఏర్పడిందని చూపవలసి ఉండగా, అడిడాస్ ఇచ్చిన ఆధారాల్లో పనికివచ్చినవి ఐదు దేశాలకే సంబంధించాయి. నల్లటి నేపథ్యంపై తెల్ల చారలున్న చిత్రాలను, రంగులు తారుమారయ్యాయన్న కారణంతో కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. ఈ కఠినత్వం న్యాయమైనదే. బూటుపై ఒక నిర్దిష్ట స్థానంలో దశాబ్దాలుగా కనిపించిన గుర్తును కాపాడటం వేరు, చారలనే సొంతం చేసుకోవటం వేరు.

2023 జనవరిలో న్యూయార్క్ జ్యూరీ కూడా, నాలుగు పట్టీలు వాడే ఫ్యాషన్ దుస్తుల సంస్థ థామ్ బ్రౌన్ అడిడాస్ హక్కులను ఉల్లంఘించలేదని తేల్చింది. 2024లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.