కోట హోటల్ బుక్ చేసే ముందు మెట్లు లెక్కపెట్టండి

మొన్న ఆదివారం కూడా అదే ఫోన్. "అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజండీ. రాజస్థాన్‌లో మంచి కోట హోటల్ చూడండి. అంత రేటు పెడుతున్నాం, లిఫ్ట్ ఎలాగూ ఉంటుంది కదా!" పదకొండేళ్లుగా మనవాళ్లకు ఈ టూర్లు వేస్తున్నాను. ఆ "ఎలాగూ" దగ్గరే అందరూ దెబ్బతింటున్నారు.

అపోహ: ఫైవ్ స్టార్ రేటు కడితే ఫైవ్ స్టార్ వసతులన్నీ ఉంటాయి.

వాస్తవం: కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో స్టార్ హోటల్ వేరు, హెరిటేజ్ హోటల్ వేరు. 1950కి ముందు కట్టిన కోటలు, రాజభవనాలు, హవేలీలకు ఇచ్చేది హెరిటేజ్ వర్గం. అక్కడ పాత కట్టడం రూపు చెడకుండా ఉండటమే ముఖ్యం. ఢిల్లీ-జైపూర్ హైవే మీద నీమ్రానా కోటనే చూడండి. 1464 నాటిది. పాడుబడిపోయిన దాన్ని 1986లో కొని, బాగుచేయించి, 1991లో హోటల్‌గా తెరిచారు. కొండవాలును పట్టుకుని అంచెలంచెలుగా పైకి పోతుంది. ఏ గది దారి దానిదే.

అసలు కోట అన్నది శత్రువు ఒక్క ఉరుకున పైకి రాకుండా కట్టుకున్నది. ఇరుకు మెట్లు, ఎత్తు గడపలు, తల వంచితే గానీ దూరలేని ద్వారాలు అందుకే. బారెడు మందం రాతిగోడల మధ్య లిఫ్ట్ పెట్టడం చిన్న పని కాదు. కొన్నిచోట్ల పెట్టారు. అది మీ గది దాకా వస్తుందా అన్నది వేరే సంగతి.

నేనీ పని మొదలుపెట్టిన రెండో ఏడు నరసరావుపేట కుటుంబాన్ని ఒక కోటకు పంపి, నేనూ వెంట వెళ్లాను. గది ఫొటోలో చాలా బాగుంది. పెద్దావిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పద్నాలుగో మెట్టు మీద చెప్పులు విప్పి పక్కన పెట్టి, గోడకు చెయ్యి ఆనించి కూర్చుండిపోయారు. "ఇంకెన్ని ఉన్నాయి నాయనా?" అన్నారు. నాకు తెలియదు. కింద గదులన్నీ నిండిపోయాయి. కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. ఆ రెండు రోజులూ ఆవిడ గది దాటలేదు, భోజనం పైకే తెప్పించాం. ఎడారి మీద సూర్యాస్తమయం చూడాలని వచ్చిన మనిషి.

అప్పటి నుంచి రెండు లెక్కలు అడగందే అడ్వాన్స్ కట్టనివ్వను. రిసెప్షన్ నుంచి గదికి ఎన్ని మెట్లు? గది నుంచి భోజనాల హాలుకు ఎన్ని? రెండోది ఎవరూ అడగరు. అక్కడ 40 మెట్లుంటే, మూడు పూటలా దిగి ఎక్కితే రోజుకు 240. "గ్రౌండ్ ఫ్లోర్" అన్న మాటనూ నమ్మకండి. కొండ మీద కోటలో ప్రతి అంచెకూ ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఉంటుంది. గది పేరుతో సహా జవాబు మెయిల్‌లో రాయించుకోండి. అమ్మానాన్నలను తీసుకెళ్లాలన్న మీ ఆరాటం నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అపోహ: పాత కోటల్లో దయ్యాలుంటాయి.

వాస్తవం: వందల రాత్రులు పడుకున్నాను. పావురాలుంటాయి. వాట్సాప్ వీడియోలు చూసి పిల్లలను భయపెట్టకండి.

అపోహ: రాజస్థాన్ కాబట్టి ఎప్పుడూ వేడే.

వాస్తవం: డిసెంబర్, జనవరిలో రాత్రి వణికిపోతారు, రాతి గదులు త్వరగా వేడెక్కవు. స్వెట్టర్లు పెట్టుకోండి. మే నెల ఆఫర్లకు మాత్రం టెంప్ట్ కావద్దు. ఇక నాన్‌వెజ్ దొరకదన్న టెన్షన్ అక్కర్లేదు, లాల్ మాస్ అనే ఎర్రటి కారం మటన్ కూర అక్కడి వంటే. ఆ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ మాత్రం సరిగ్గా అందదు.

మెట్లు బొత్తిగా కుదరవంటే మైదానంలో కట్టిన రాజభవనం హోటల్ చూసుకోండి. జైపూర్‌లో రామ్‌బాగ్ ప్యాలెస్ 1957 నుంచీ హోటలే. అక్కడైనా సరే, ఆ రెండు లెక్కలూ అడిగాకే డబ్బు కట్టండి.