ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుందా? ల్యాప్‌టాప్ రీసెట్‌పై అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్ మరమ్మతుల బల్ల వెనుక కూర్చునే నాలాంటివారికి రోజూ వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ఒకసారి ఫార్మాట్ కొట్టేయ్, అన్నీ అవే సర్దుకుంటాయి." ఆ మాట అన్నవారే మరుక్షణం "ఒరిజినల్ విండోస్ పోదు కదా?" అని కంగారుపడతారు. మొదటిసారి రీసెట్ (అంటే విండోస్‌ను మళ్లీ కొత్తగా వేసుకోవడం) చేసుకునేవారిలో నేను గమనించింది ఇదే. పోని వాటి గురించి బెంగపడతారు, నిజంగా పోయేవాటి గురించి అడగనే అడగరు. విండోస్ 10, విండోస్ 11 నడిచే మామూలు ల్యాప్‌టాప్‌లను దృష్టిలో పెట్టుకుని, నా దగ్గరకు తరచుగా వచ్చే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రీసెట్ చేస్తే ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఒరిజినల్ విండోస్ పోతుంది, మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

వాస్తవం: పూర్వం విండోస్ అసలైనదని రుజువు చేసే ప్రొడక్ట్ కీ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో సహా అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఆ కీని తయారీదారులు మదర్‌బోర్డులోనే, మనం వాడుకలో బయోస్ అనే చోట పెడుతున్నారు. రీసెట్ అక్కడి జోలికి పోదు. పని పూర్తయి ఇంటర్నెట్ తగిలిన వెంటనే విండోస్ తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడు మాత్రం చిక్కు రావచ్చు.

అసలు గొడవ వేరే చోట ఉంది. బయోస్‌లో ఉన్న కీ చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ హోమ్ ఎడిషన్‌ది. ఫార్మాట్ కోసం వీధి చివరి దుకాణంలో ఇస్తే, వారు తమ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రో ఎడిషన్‌ను వేస్తారు. హోమ్ కీ ప్రోకు పనికిరాదు కాబట్టి యాక్టివేట్ కాదు. అప్పుడు ఏదో యాక్టివేటర్‌తో క్రాక్ చేసి ఇస్తారు. ఇలా, డబ్బు కట్టి కొన్న అసలైన విండోస్ ల్యాప్‌టాప్‌లోనే ఉండగా యజమాని దొంగ విండోస్‌తో, దాని వెంట వచ్చే ప్రమాదాలతో కాలం గడుపుతుంటాడు. తోటి వృత్తివారిని నిందించాలని కాదు గానీ, ఎక్కువ ఫీచర్లున్న ఎడిషన్ వేయడమే మేలు చేయడమని వారిలో చాలామంది నిజంగానే నమ్ముతారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ (విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ), అందులో యాక్టివేషన్ తెరిచి, ఏ ఎడిషన్ ఉందో రీసెట్‌కు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

అపోహ: ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే రీసెట్ ఒక్కటే మందు.

వాస్తవం: రీసెట్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే కొత్తగా వేస్తుంది. ఎప్పుడో వేసి మరిచిపోయిన ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి పడని రెండు యాంటీవైరస్‌లు, మధ్యలో చెడిన అప్‌డేట్ వంటి వాటివల్ల వచ్చిన నెమ్మదితనం దానితో తగ్గుతుంది. చాలని ర్యామ్, దుమ్ము పట్టిన ఫ్యాన్, అరిగిన హార్డ్‌డిస్క్ రీసెట్‌తో బాగుపడవు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మీరు ఏ పనీ చేయకుండా పది నిమిషాలు ఆగినా డిస్క్ గడిలో 100 శాతం కనిపిస్తూనే ఉంటే, ఉన్నది పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే, రీసెట్ కంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే మంచిది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములో "కాషన్" అనో "బ్యాడ్" అనో వస్తే రీసెట్ ఊసే ఎత్తకండి. రీసెట్‌లో డిస్క్ మీద గంటల తరబడి చదవడం, రాయడం జరుగుతాయి కాబట్టి, కొనఊపిరితో ఉన్న డిస్క్ ఆ మధ్యలోనే ఆగిపోయి, ఫొటోలు కాపీ చేసుకునే చివరి అవకాశం కూడా పోవచ్చు.

అపోహ: "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే అన్నీ ఉంటాయి, బ్యాకప్ అక్కర్లేదు.

వాస్తవం: ఆ ఎంపికలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ వంటి మీ యూజర్ ఫోల్డర్లలోని ఫైళ్లు ఉంటాయి. మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. పోయిన ప్రోగ్రాముల జాబితాను విండోస్ ఒక ఫైలుగా డెస్క్‌టాప్ మీద వదిలి వెళ్తుంది, అది బాగా పనికొస్తుంది. అయితే కొన్ని ప్రోగ్రాములు తమ డేటాను డాక్యుమెంట్స్‌లో పెట్టవు. మన దగ్గర దీనివల్ల ఎక్కువగా దెబ్బతినేవారు లెక్కల ప్రోగ్రాము ట్యాలీ వాడే చిన్న వ్యాపారులు. లెక్కల ఫోల్డర్ సీ డ్రైవ్‌లో ఎక్కడో వేరుగా ఉంటుంది, దాన్ని వెతికి కాపీ చేసుకోకుండా రీసెట్ మొదలుపెట్టకూడదు. ట్యాలీ లైసెన్స్‌ను కూడా ముందే ఆ ప్రోగ్రాములోని సరెండర్ ఎంపికతో వదిలించుకుని, రీసెట్ తర్వాత తిరిగి తీసుకోవాలి. జీఎస్టీ పనులకు వాడే డిజిటల్ సిగ్నేచర్, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లోనే ఉంటుంది కాబట్టి అది పోదు, దాని డ్రైవర్‌ను మాత్రం మళ్లీ వేసుకోవాలి. డీటీపీ చేసేవారు అను ఫాంట్లను, వాటి కీబోర్డు ప్రోగ్రామును మళ్లీ వేసుకునే ఏర్పాటు చూసుకోవాలి. లేకపోతే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచినప్పుడు తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

ఈ ఎంపిక మీద నాకు పెద్దగా గురి లేదు. ఏది ఎంచుకున్నా సరే, ముందు ముఖ్యమైనవన్నీ బయటి డిస్క్‌కు ఎక్కించి, ఆ డిస్క్‌ను వేరొక కంప్యూటర్‌లో పెట్టి, నాలుగు ఫైళ్లు తెరిచి చూశాకే మొదలుపెట్టమంటాను.

అపోహ: ల్యాప్‌టాప్ నాది, పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఇక వేరే తాళాలేమీ ఉండవు.

వాస్తవం: ఉంటాయి. నా బల్ల మీద ఎక్కువమంది తెల్లమొహం వేసేది ఈ ఒక్క చోటే. ఈ మధ్యకాలపు చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, డిస్క్‌లోని డేటా మొత్తం యజమానిని అడగకుండానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. దీన్ని డివైజ్ ఎన్‌క్రిప్షన్ అంటారు, వెనుక పనిచేసేది విండోస్‌లోని బిట్‌లాకర్ అనే తాళం. ల్యాప్‌టాప్ బాగా నడిచినంతకాలం అది ఉన్నట్టే తెలియదు. విండోస్ తెరుచుకోకుండా మొరాయించి, రికవరీ తెర నుంచి రీసెట్‌కు వెళ్లినప్పుడు మాత్రం నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఒక డిగ్రీ విద్యార్థిని ప్రాజెక్టు సమర్పణకు రెండు రోజుల ముందు తన ల్యాప్‌టాప్ తెచ్చింది. కీ ఏ అకౌంట్‌లో ఉందో కొత్త వెర్షన్లలో ఆ నీలి తెరే సూచిస్తుంది. మెయిల్ చిరునామాలో మొదటి అక్షరాలు రెండో మూడో, తర్వాత చుక్కలు కనిపించాయి. ఆ అక్షరాలు ఆమె మెయిల్‌వి కావు, వాళ్ల నాన్నవీ కావు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, కొన్న రోజున దుకాణంలో కుర్రవాడొకడు "సెటప్ చేసి ఇస్తా" అని అప్పటికప్పుడు ఏదో అకౌంట్ సృష్టించి లాగిన్ చేసి, పిన్ నంబరు పెట్టి చేతికిచ్చాడు. మూడేళ్లు ఆమె ఆ పిన్‌తోనే తెరుచుకుంది. ఆ కుర్రవాడు పని మానేసి వెళ్లిపోయాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. పెన్‌డ్రైవ్‌తో డిస్క్‌లోని భాగాలన్నీ (పార్టిషన్లు) తీసేసి కొత్తగా విండోస్ వేసి ఇవ్వగలిగాను, ప్రాజెక్టు ఫైళ్లను మాత్రం ఇవ్వలేకపోయాను. కీ లేకుండా ఆ డేటాను తెరవడం నాకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎంఎస్ ఆఫీస్ లైసెన్స్ కూడా మొదట యాక్టివేట్ చేసిన అకౌంట్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి అదీ పోయింది.

కాబట్టి ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడున్న మెయిల్ మీదేనా కాదా చూసుకోండి. మీదే అయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ కనిపిస్తుంది, దాన్ని రాసి ఇంట్లో దాచుకోండి. ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టవుతుంది.

అపోహ: ఫ్యాక్టరీ రీసెట్ అంటే కొన్ననాటి విండోస్ తిరిగి వస్తుంది.

వాస్తవం: విండోస్ 7 కాలంలో ఇది నిజం. అప్పట్లో తయారీదారు ఒక పార్టిషన్‌లో మొత్తం ప్రతిని దాచి ఉంచేవాడు, హెచ్‌పీలో ఎఫ్ 11, ఆసుస్‌లో ఎఫ్ 9 వంటి మీట నొక్కితే అది తిరిగి వచ్చేది. విండోస్ 10 నుంచి రీసెట్ అంటే ఇప్పుడున్న వెర్షన్‌నే శుభ్రంగా మళ్లీ వేసుకోవడం. విండోస్ 10తో కొని 11కు మారిన ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేస్తే 11 వస్తుంది. విండోస్ 10లోనే ఉన్నవారు మరొకటి గమనించాలి. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, రీసెట్ దాన్ని పొడిగించదు.

అపోహ: మధ్యలో ఆగిపోయిందంటే, లేదా రీసెట్ కాలేదంటే ల్యాప్‌టాప్ పని అయిపోయినట్టే.

వాస్తవం: శాతం అంకె ఒకే చోట అరగంట నిలబడటం, తెర రెండు మూడుసార్లు ఆరి వెలగడం మామూలే. హార్డ్‌డిస్క్ ఉన్నవాటిలో మొత్తం పనికి కొన్ని గంటలు కూడా పడుతుంది. ఛార్జర్ పెట్టి వదిలేయాలి, కంగారుపడి పవర్ బటన్ నొక్కకూడదు. మార్పులేమీ జరగలేదంటూ వెనక్కి వస్తే, అదే రీసెట్‌లో, విండోస్‌ను ఇంటర్నెట్ నుంచి దించుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుని చూడండి. సుమారు 4 జీబీ డేటా ఖర్చవుతుంది గానీ, లోపల చెడిపోయిన ఫైళ్ల మీద ఆధారపడదు. తప్పు మీది కాకపోవచ్చు కూడా. 2025 ఆగస్టు అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్ విఫలమైంది, కొద్దిరోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది.

వైరస్‌ల విషయం రెండు మాటల్లో చెబుతాను. చాలావాటిని రీసెట్ తుడిచేస్తుంది, డీ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాగిన ఫైలును మీరే మళ్లీ తెరిస్తే అది మళ్లీ వస్తుంది. 2018లో బయటపడిన లోజాక్స్ లాగా బయోస్‌లోనే తిష్ఠవేసేవి ఉన్నాయి గానీ, ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కు అవి రావడం చాలా అరుదు.

అపోహ: "రిమూవ్ ఎవ్రీథింగ్" నొక్కితే అమ్మడానికి సిద్ధమైనట్టే.

వాస్తవం: మామూలుగా ఆ ఎంపిక విండోస్ ఉన్న డ్రైవ్‌ను మాత్రమే ఖాళీ చేస్తుంది. డీ డ్రైవ్‌లో ఉన్న పెళ్లి ఫొటోలు, ఆధార్ స్కాన్లు కొన్నవారికి అలాగే చేరతాయి. తొలగించిన ఫైళ్లు కూడా, ముఖ్యంగా తిరిగే హార్డ్‌డిస్క్ అయితే, రికవరీ ప్రోగ్రాములకు దొరుకుతాయి. రీసెట్ మొదలవడానికి ముందు వచ్చే తెరలో "చేంజ్ సెట్టింగ్స్" అనే చిన్న నీలి అక్షరాల వరుస ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే నెక్స్ట్ నొక్కేస్తారు. అది తెరిచి "క్లీన్ డేటా"ను, అన్ని డ్రైవ్‌ల నుంచి ఫైళ్లు తొలగించే ఎంపికను ఆన్ చేయాలి. బయోస్‌కు పెట్టుకున్న పాస్‌వర్డ్ రీసెట్‌తో పోదు కాబట్టి దాన్ని విడిగా తీసేయాలి. అన్నీ ముగిశాక దేశం, భాష అడిగే తెర వస్తుంది. అక్కడ మీ వివరాలేమీ ఇవ్వకుండా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, అలాగే ఛార్జర్‌తో కలిపి కొన్నవారి చేతికి ఇవ్వండి.