వ్యాసరచన, విమర్శనాత్మక ఆలోచన: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎక్కువ వ్యాసాలు రాయిస్తే ఆలోచించడం దానంతటదే వస్తుంది.

వాస్తవం: అసలు సంగతంతా ప్రశ్నలో ఉంది. ‘సెల్‌ఫోన్ – లాభనష్టాలు’ అని ఇస్తే ఐదు లాభాలు, ఐదు నష్టాలు, చివర ‘మితంగా వాడుకోవాలి’ అని రాసి పెన్ను మూసేస్తారు. ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ‘పిల్లల్ని బడికి ఫోన్ తెచ్చుకోనివ్వాలా?’ అని అడిగితే ఏదో ఒక పక్షాన నిలబడక తప్పదు.

అపోహ: అభిప్రాయం చెప్పి, ఒక కారణం రాస్తే వాదన అయిపోయినట్టే.

వాస్తవం: చాలా వ్యాసాలు బోల్తా పడేది ఇక్కడే. తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనను విడదీసి చూపినప్పుడు ప్రతిపాదన (మనం ఒప్పించాలనుకునే మాట), ఆధారం, ఆ రెంటినీ కలిపే లంకె వేర్వేరన్నాడు. పిల్లలు ఆ లంకెను రాయరు సరికదా, అదొకటి ఉందనే గమనించరు. ‘ఫోన్ ఎక్కువగా చూసేవాళ్లకు మార్కులు తక్కువ వస్తున్నాయి, కాబట్టి ఫోన్ వద్దు’ అన్న వాక్యం చూడండి. ఫోన్ వల్లే మార్కులు తగ్గాయన్నది ఇందులో దాగిన లంకె. పాఠం అర్థం కాకే ఫోన్ పట్టుకున్నారేమో? మార్జిన్‌లో ‘ఏది ముందు, ఏది తర్వాత?’ అని రాస్తే చాలు. జవాబు కూడా మనమే రాసిస్తే ఆలోచించింది మనమే అవుతాం.

అపోహ: రెండు పక్షాలూ రాస్తే అది విమర్శనాత్మకం.

వాస్తవం: ఎదుటివాళ్ల మాటల్లో బలహీనమైనది ఏరుకుని కొట్టిపారేయడం తేలిక. వాళ్ల గట్టి వాదనను, వాళ్లే చదివి ‘మేమనేది ఇదే’ అనేలా రాయించాలి. దానికి జవాబు దొరక్కపోతే తన మాట సవరించుకోవాలి: ‘ఫోన్ వద్దు’ కాస్తా ‘క్లాసు జరిగేటప్పుడు వద్దు’ అవుతుంది. మాట మార్చాడని మార్కులు కోయకండి, వేయాల్సింది దానికే.

అపోహ: విమర్శ అంటే తప్పులు పట్టడం.

వాస్తవం: వాడుకలో అలా స్థిరపడింది గానీ, సంస్కృతంలో ఆ మాటకు అర్థం పరిశీలన.

అపోహ: తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దాలి.

వాస్తవం: మొదటి ప్రతిలో అక్షరదోషాల జోలికి పోవద్దు. పోతే ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసి అదే వ్యాసం తెచ్చిస్తారు, వాదన ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒక్కో వ్యాసం మార్జిన్‌లో రెండే ప్రశ్నలు వేయండి, మార్కులు రెండో ప్రతికే ఇవ్వండి. అంకె కనబడితే దాని కింది ప్రశ్న ఎవరూ చదవరు. నిడివి 150 పదాలు చాలు. తరగతి పెద్దదైతే వ్యాసాలు మార్చుకుని ప్రతిపాదన కింద ఒక గీత, ఆధారం కింద రెండు గీతలు గీయమనండి. ఏ గీతా పడని పేరాను ముందు కొట్టేయించండి.