కలుపుమందు చేతికొచ్చాక కలుపైన క్లోవర్

ఇంటి ముందు గడ్డి తీసేసి క్లోవర్ అనే చిన్న మూడాకుల మొక్క వేయడం అమెరికాలో కొత్త ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటారు. తేనెటీగలకు మేత దొరుకుతుంది, నీళ్లు, ఎరువులు తక్కువ పడతాయి అని వేసుకునేవాళ్లు చెబుతారు. కానీ ఓ ఎనభై ఏళ్ల కిందట అక్కడ లాన్ విత్తనాలు కొంటే, గడ్డి గింజల్లో తెల్ల క్లోవర్ గింజలు కూడా ఉండేవి. పొరపాటున పడినవి కావు, కంపెనీలే కావాలని కలిపేవి.

క్లోవర్ పప్పుజాతి మొక్క. దాన్ని వేళ్లతో సహా పీకి చూస్తే సన్నటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. ఆకులూ వేళ్లూ రాలి కుళ్లినప్పుడు ఆ నత్రజని పక్కనున్న గడ్డికీ చేరుతుంది. ఎండలకు గడ్డి పసుపుపచ్చగా మారినా క్లోవర్ ఇంకొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది. ఎరువు ఖర్చు లేకుండా లాన్ పచ్చగా ఉంటే ఎవరు కాదంటారు?

లాన్ అనేది మొదట్లో సామాన్యుల వ్యవహారం కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ ప్రభువుల కోటల చుట్టూ ఉండేది. దాన్ని కోయడానికి కొడవళ్లు పట్టిన మనుషులో, మేసే గొర్రెలో కావాలి. పంట పండించకుండా అంత భూమిని ఖాళీగా వదిలేయగలగడమే వాళ్ల దర్జా. 1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్ని బట్ట మీద లేచిన నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి గడ్డి కోసే యంత్రం తయారుచేశాడు. దాంతో లాన్ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ లాంటి కాలనీల్లో వేల ఇళ్లు ఒకే నమూనాలో లేచాయి. ప్రతి ఇంటి ముందూ లాన్, దాన్ని క్రమం తప్పకుండా కోయాలన్న షరతు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 2,4-డి బజారుకొచ్చింది. యుద్ధకాలంలో బ్రిటన్, అమెరికా శాస్త్రవేత్తలు రహస్యంగా పరిశోధించిన రసాయనం ఇది. 1945లో కలుపుమందుగా అమ్మకానికి వచ్చింది. మొక్కల్లో సహజంగా ఉండే ఆక్సిన్ అనే హార్మోన్‌లా ఇది పనిచేస్తుంది. వెడల్పాటి ఆకుల మొక్క మీద పడితే కాడ మెలికలు తిరుగుతుంది, ఆకులు ముడుచుకుంటాయి, ఎదుగుదల అదుపు తప్పి మొక్క చచ్చిపోతుంది. గడ్డికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. పసుపు పూల కలుపు మొక్క డాండెలియన్ బెడద వదిలిందని జనం సంతోషించారు. చిక్కల్లా, క్లోవర్‌దీ వెడల్పాటి ఆకే. మందుకు ఆ రెంటికీ తేడా తెలియదు.

క్లోవర్‌ను కాపాడే మందు తేవడం కంటే దాన్నీ కలుపు అనేయడం కంపెనీలకు సులువైంది. అది ఉచితంగా ఇచ్చే నత్రజని కూడా అప్పటికే బస్తాల్లో దొరుకుతోంది. యుద్ధంలో పేలుడు పదార్థాలకు అమ్మోనియా అందించిన ఫ్యాక్టరీలు శాంతి వచ్చాక ఎరువుల వైపు మళ్లాయి మరి. 1950లు దాటేసరికి విత్తనాల మిశ్రమాల్లోంచి క్లోవర్ దాదాపు మాయమైంది. ఆ లాన్లన్నీ కలిపి ఎంత విస్తీర్ణమో తెలుసా? నాసా ఉపగ్రహ చిత్రాల సాయంతో 2005లో వేసిన అంచనా ప్రకారం అమెరికాలో లాన్లు 1,60,000 చదరపు కిలోమీటర్లకు పైనే. నీళ్లు పెట్టి పండించే ఏ పంటా అక్కడ అంత విస్తీర్ణంలో లేదు.

తేనెటీగల మాట చర్చలోకి తర్వాతెప్పుడో వచ్చింది కానీ, ఆ బంధం పాతదే. డార్విన్ 20 తెల్ల క్లోవర్ పూలగుత్తులను తేనెటీగలకు వదిలేస్తే 2,290 గింజలు వచ్చాయి. అవి వాలకుండా కప్పి ఉంచిన మరో 20 గుత్తుల్లో ఒక్కటీ రాలేదు. దగ్గరగా చూస్తే ఒక్కో గుత్తి చిన్నచిన్న పూల ముద్ద. కింది వరస ముందు విచ్చుకుంటుంది. పరాగ సంపర్కం అయిన పూలు గోధుమరంగుకు తిరిగి తలవాల్చేస్తాయి, పై పూలు ఇంకా తెల్లగా నిలబడే ఉంటాయి. తేనెటీగ ఆ నిలబడ్డవాటి మీదే వాలుతుంది.

2006లో అమెరికాలో తేనెటీగలు పెట్టెలు వదిలి మాయమైపోతున్నాయన్న వార్తలతో జనానికి టెన్షన్ మొదలైంది. 2017లో రస్టీ ప్యాచ్డ్ బంబుల్‌బీ అనే అడవి తేనెటీగ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు మినియాపొలిస్ పార్కుల్లోని క్లోవర్ మీద 50కి పైగా తేనెటీగ జాతులు వాలడం గమనించారు. 2019లో ఆ రాష్ట్రం ఇళ్ల ముందు గడ్డి మార్చుకునేవాళ్లకు డబ్బు సాయం కూడా మొదలుపెట్టింది. అక్కడ సూచించే మిశ్రమం ఉత్త క్లోవర్ కాదు. సన్న ఫెస్క్యూ గడ్డి, క్లోవర్, వాటితో పాటు సెల్ఫ్‌హీల్, పాకే థైమ్ అనే పూల మొక్కలు కలిపి వేస్తారు.

క్లోవర్‌ను మరీ నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు నచ్చదు. అది అమెరికాకు యూరప్ నుంచి వలస వచ్చిన మొక్క, దాని మీద ఎక్కువగా వాలే తేనెటీగా అంతే. ఒకే రకం స్థానిక పూల మీద బతికే అడవి తేనెటీగలకు దానివల్ల ఒరిగేది తక్కువ. మే నెలలో గడ్డి కోయకపోతే తేనెటీగలు విపరీతంగా పెరిగాయని చూపిన విస్కాన్సిన్ అధ్యయనం 2020లో వచ్చింది, డేటాలో పొంతన లేదని 2022లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఉత్సాహం లెక్కల కంటే ముందు పరిగెత్తిందన్నమాట.

చట్టాలు కూడా మారుతున్నాయి. కెనడాలోని హడ్సన్ అనే చిన్న ఊరు లాన్ల మీద చల్లే పురుగు, కలుపు మందులను 1991లోనే కట్టడి చేసింది, 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ ఊరినే సమర్థించింది. అయితే అప్పటి భయం తేనెటీగల గురించి కాదు, మనుషుల ఆరోగ్యం గురించి. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 2021 నుంచి కాలనీ సంఘాలు గడ్డే వేయాలని పట్టుబట్టడానికి వీల్లేదు. ఇంతా జరిగాక కూడా ఎరువు, కలుపుమందు కలిపి అమ్మే లాన్ బస్తాల వెనక, చంపే మొక్కల పట్టికలో డాండెలియన్ పక్కనే క్లోవర్ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది.