బలవర్ధక బియ్యం: ఫలితం తేలకముందే దేశమంతటికీ

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలున్నాయన్న గొడవ మళ్లీ లేచింది. అవి ప్లాస్టిక్ కావు. బియ్యాన్ని పిండి చేసి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో తిరిగి గింజల్లా ఒత్తినవి. నూరు పాళ్ల మామూలు బియ్యానికి ఒక పాలు చొప్పున కలుపుతారు. రక్తహీనత తగ్గించాలని ఇస్తున్న బలవర్ధక బియ్యం ఇదే. రంగులో కాస్త తేడా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. అందుకే ఆడవాళ్లు చేటలో పోసుకుని వాటినే ఏరి పారేస్తున్నారు. అలా ఏరేస్తే కలిపిన పోషకం కూడా చెత్తబుట్టలోకే పోతుంది. ఏమి కలిపారో, ఎందుకు కలిపారో ముందే ఇంటింటికీ చెప్పి ఉంటే ఈ అనుమానం ఇంత దూరం వచ్చేది కాదు.

చెప్పడానికి వ్యవధి లేకుండా చేసింది 2021 ఆగస్టు 15 నాటి ప్రకటన. అప్పటికి 15 జిల్లాల కోసం 2019-20లో మొదలుపెట్టిన మూడేళ్ల ప్రయోగాత్మక పథకం ఇంకా పూర్తి కాలేదు. దాని ఫలితం తేలకముందే, 2024 నాటికి అన్ని ప్రభుత్వ పథకాల్లోనూ ఈ బియ్యమే ఇస్తామని ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. ఆ తర్వాత అంతా గడువుల పరుగే. ముందు అంగన్‌వాడీలు, బడి భోజనం. ఆపైన 291 జిల్లాల రేషన్ దుకాణాలు. 2024 మార్చి కల్లా మిగతా దేశం.

అయోడిన్ ఉప్పు విషయంలో ఇలా జరగలేదు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు ప్రాంతాలుగా విడదీసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి, గాయిటర్ (అయోడిన్ లోపంతో వచ్చే గొంతు వాపు) తగ్గుతుందో లేదో ఏళ్ల తరబడి చూశారు. ఓపికంటే అదీ!

వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధులైన సికిల్ సెల్, తలసేమియా బాధితుల సంగతి అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. తలసేమియా ఉన్నవారికి తరచూ రక్తం ఎక్కించాల్సి రావడంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. అందుకే 2018 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే ఒక హెచ్చరిక పెట్టారు: ఇనుము కలిపిన ఆహారాన్ని తలసేమియా ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణలో తీసుకోవాలి, సికిల్ సెల్ ఎనీమియా ఉన్నవారు తీసుకోకూడదు. సంచి మీద ఆ మాట ఉన్నా ఏమి లాభం? డీలరు గోనె సంచి విప్పి, కాటా వేసి, కార్డుదారు తెచ్చుకున్న సంచిలో పోస్తాడు. పాడేరు ఏజెన్సీ నుంచి దిగివచ్చిన తల్లికి ఆ అక్షరాలు కనబడేది ఎప్పుడు? 2023లో ఈ అంశం ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీంకోర్టుకు చేరింది. అదే ఏడాది జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది.

కేంద్రం వాదన వేరు. బియ్యంలోని ఇనుము చాలా స్వల్పమనీ, దానివల్ల హాని జరుగుతుందనడానికి ఆధారాల్లేవనీ, ఇలాంటి హెచ్చరిక ఇతర దేశాల్లో లేదనీ నిపుణుల కమిటీ తేల్చిందంటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 57 శాతం మహిళలకు రక్తహీనత ఉందని తేలడం కూడా తోసిపుచ్చలేని నిజం. అయితే బలవర్ధక బియ్యంపై పరిశోధనలన్నిటినీ క్రోడీకరించిన 2019 నాటి కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, దీనివల్ల రక్తహీనత ముప్పులో పెద్దగా తేడా ఉండకపోవచ్చని చెప్పింది. నెలకు ఐదు కిలోల చొప్పున లెక్కవేస్తే మనిషికి రోజూ అందేది సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాముల ఇనుము. మహిళకు కావలసింది 29 మిల్లీగ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే చెబుతోంది. మిగతాది పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం నుంచే రావాలి. వాటికి డబ్బెక్కడిదన్న ప్రశ్నకు ఈ పథకంలో చోటు లేదు.

2024లో ఆ హెచ్చరికను తొలగించారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 17,082 కోట్ల రూపాయల వ్యయంతో ఈ సరఫరాను 2028 డిసెంబరు వరకు పొడిగించింది. సికిల్ సెల్ బాధితులున్న కుటుంబాలు, కావాలంటే ఏమీ కలపని బియ్యం తీసుకునే వీలు కల్పించమంటున్నాయి. ఆ మేరకు ఒక సంచి వేరుగా ఉంచడం అసాధ్యమేమీ కాదు.