మైగ్రేన్‌తో డిసెబిలిటీ క్లెయిమ్: నా టేబుల్ మీదికొచ్చే అపోహలు

అమెరికాలో జబ్బుతో పని చేయలేనివాళ్లకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు కోసం వేసే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ దరఖాస్తులు నింపడం, హియరింగ్‌లో (జడ్జి ముందు విచారణలో) క్లయింట్ పక్కన కూర్చోవడం నా పని. మైగ్రేన్ కేసుతో వచ్చే మనవాళ్లు సాధారణంగా ఒకే మాటతో మొదలెడతారు: "ఈ నొప్పి ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసండీ!" నిజమే. కానీ సోషల్ సెక్యూరిటీవాళ్లు తేల్చుకోవాల్సింది నొప్పి ఎంతని కాదు, నెలలో ఎన్ని రోజులు పని చేయలేకపోతున్నారని.

అపోహ: తలనొప్పికి డిసెబిలిటీ ఎక్కడిస్తారు? జాబితాలోనే లేదు.

డిసెబిలిటీకి లెక్కలోకొచ్చే జబ్బుల్ని సోషల్ సెక్యూరిటీవాళ్లు ఒక జాబితాగా పెట్టారు. అందులో మైగ్రేన్ పేరు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి కేసుల్ని ఎలా చూడాలో 2019లో 19-4పి అనే రూలింగ్ వచ్చింది. దాని ప్రకారం ఆ జాబితాలో ఫిట్స్‌కి పెట్టిన 11.02 లిస్టింగ్‌తో పోల్చి చూస్తారు. మందులు సరిగా వాడుతున్నా, కనీసం వారానికోసారి చొప్పున వరసగా మూడు నెలలు వస్తోందా అన్నది అందులో ఒక కొలత. అక్కడ తేలకపోతే, ఈ పరిస్థితిలో ఏ ఉద్యోగమైనా చేయగలరా అని చూస్తారు. నా దగ్గర గెలిచినవి ఎక్కువగా ఈ రెండో దారిలోనే గెలిచాయి.

అపోహ: ఎమ్మారై నార్మల్ వచ్చింది, ఇంక కేసు పోయినట్టే.

మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఎమ్మారై నార్మల్‌గా రావడం మామూలే. పైగా వేరే జబ్బు లేదని చూపడానికి అది సాయపడుతుంది, మనకే మంచిది. ఇబ్బంది ఇంకోచోట ఉంది: నొప్పి వచ్చినప్పుడు మనిషి ఎలా ఉన్నారో డాక్టర్ చూసి రాసింది అడుగుతారు. ఒంటితల నొప్పితో చీకటి గదిలో ముడుచుకున్న మనిషి కారెక్కి క్లినిక్‌కి ఎలా వెళ్తారు? అందుకే ఇంట్లోవాళ్లు కళ్లారా చూసింది డాక్టరుకి చెప్పి, ఆయన రికార్డులో రాస్తే అదీ తీసుకుంటారు. అది కేసులోని మిగతా సాక్ష్యాలతో పొసగాలి.

అపోహ: మా డాక్టరుగారు "పని చేయలేరు" అని ఒక లెటర్ ఇస్తే చాలు.

2017 మార్చి 27న గానీ ఆ తర్వాత గానీ వేసిన దరఖాస్తుల్లో ఆ ఒక్క వాక్యానికి విలువ లేదు. ఎంతసేపు కూర్చోగలరు, వెలుతురు తట్టుకోగలరా, నెలకి ఎన్నిసార్లు పని మధ్యలో ఆపి పడుకోవాల్సి వస్తోంది, ఇవి రాయించుకోండి.

అసలు కేసులు మునిగేది ఇక్కడే. ఒకావిడ రికార్డు తెప్పిస్తే ఎనిమిది విజిట్లలో ఏడింట "బాగానే ఉన్నారు" అని ఉంది. అడిగితే, "ఎలా ఉన్నారంటే బానే ఉన్నానండీ అంటాం కదా" అంది. అందులో ఒక రోజు పొద్దున ఆవిడకి రెండుసార్లు వాంతులయ్యాయి. మన మర్యాద మనకే ఎదురు సాక్ష్యమైంది.

ఆ తర్వాత డైరీ మొదలుపెట్టించాను. అందులో ఒక రోజు ఇలా ఉంది: "ఉదయం 5:40. కుడి కన్ను వెనక. 6కి సుమాట్రిప్టాన్. మధ్యాహ్నం 3 దాకా మంచం మీదే. బాబుని స్కూల్ నుంచి పక్కింటావిడ తెచ్చింది." ఇలాంటి నాలుగు ముక్కలు చాలు, కథలొద్దు. మందు వేసుకున్న రోజులు కూడా లెక్కపెట్టండి. ట్రిప్టాన్ (సుమాట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మందులు) నెలకి 10 రోజులు లేదా అంతకు మించి వాడుతూ పోతే ఆ మందే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. క్రానిక్ (దీర్ఘకాలిక) మైగ్రేన్ అనాలంటే మూడు నెలలకి పైగా, నెలకి 15 లేదా అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పి ఉండాలి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో. హియరింగ్‌లో జడ్జి ఉద్యోగాల సంగతి తెలిసిన నిపుణుణ్ణి అడుగుతారు: "నెలకి ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగంలో ఉంచుకుంటారా?" ఆ అంకె డైరీలోంచే రావాలి.

అపోహ: సిటిజన్ కాకపోతే దక్కదు.

ఎస్‌ఎస్‌డీఐకి, అంటే పని చేసి పన్ను కట్టినవాళ్లకి ఇచ్చే డిసెబిలిటీకి, పౌరసత్వం అక్కర్లేదు. చట్టబద్ధంగా ఉంటూ, పని చేసి, పన్ను కట్టిన క్రెడిట్లు (సంపాదనని బట్టి జమయ్యే పాయింట్లు) ఉండాలి: మామూలుగా 40, అందులో 20 గత పదేళ్లలోవి. వయసు తక్కువైతే తక్కువ చాలు. ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకి ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ వేరే పథకం, అక్కడ పౌరసత్వం నియమాలు కఠినం.

అపోహ: తిరస్కరించారు, మళ్లీ కొత్తగా వేద్దాం.

వద్దు. తిరస్కరణ లెటర్ అందిన 60 రోజుల్లోపు అప్పీల్ చేయండి. కొత్తగా వేస్తే పాత దరఖాస్తు తేదీ పోతుంది, దాంతోపాటు వెనకటి నెలలకి రావాల్సిన బకాయీ పోవచ్చు. పైగా ఉద్యోగం మానేసిన చాలామందికి ఇన్సూర్డ్ గడువు (ఆ క్రెడిట్లతో ఎస్‌ఎస్‌డీఐకి అర్హత ఉండే కాలం) సుమారు ఐదేళ్లలో ముగుస్తుంది. మీరు మానేసి నాలుగేళ్లు దాటిందా? డైరీ సంగతి తర్వాత, ముందు ఆ తేదీ కనుక్కోండి.