ఎల్‌ఎన్‌జీ ప్రాజెక్టు: లేని టేబుల్ కోసం వెతుకులాట

ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) ప్లాంటు ప్రాజెక్టు రివ్యూలు దగ్గర పడితే బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు కెమికల్ ఇంజినీరింగ్ చదివే మన పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, ప్రతి ఎక్విప్‌మెంట్‌కీ ప్రెషర్, టెంపరేచర్ ఎక్కడ దొరుకుతాయి?" గడువు తరుముతుంటే ఆ కంగారు సహజమే.

అపోహ: ఆ ప్రెషర్, టెంపరేచర్ల టేబుల్ ఎక్కడో ఉంది, కంపెనీలు దాచిపెట్టాయి.

వాస్తవం: బయటినుంచి తెచ్చుకోవాల్సినవి ముఖ్యంగా ఐదు. ఫీడ్ (ప్లాంటులోకి వచ్చే గ్యాస్) కంపోజిషన్, ఫీడ్ ప్రెషర్, కూలింగ్ వాటర్ టెంపరేచర్, ట్యాంకు ప్రెషర్, హీట్ ఎక్స్ఛేంజర్‌లో కనీస అప్రోచ్ (వేడి, చల్లని ప్రవాహాల మధ్య టెంపరేచర్ తేడా). మిగతావి చాలావరకు లెక్కలో వస్తాయి.

గ్యాస్‌ను ముందుగా చల్లబరిచే ప్రొపేన్ లూప్ చూడండి. మన ఎండలకు కూలింగ్ వాటర్ 32 డిగ్రీలు అనుకుందాం. కండెన్సర్‌లో అది 42కి వేడెక్కుతుంది. పైన 3 డిగ్రీల అప్రోచ్ కలిపితే ప్రొపేన్ 45 దగ్గర కండెన్స్ అవ్వాలి. ఆవిరి పీడనం చూస్తే సుమారు 15.3 బార్. కంప్రెసర్ డిశ్చార్జి (బయటికొచ్చే ప్రెషర్) తేలిపోయింది! గ్యాస్‌ను మైనస్ 32కి దించాలంటే ప్రొపేన్ మైనస్ 35 దగ్గర మరగాలి, అంటే సక్షన్ (కంప్రెసర్‌లోకి వెళ్లే ప్రెషర్) 1.37 బార్. ఈ రెండింటి నిష్పత్తి 11 దాటింది కాబట్టి మూడు స్టేజీలు పెట్టి, స్టేజీకి 2.24 చొప్పున పంచండి. మధ్య ప్రెషర్లు 3.1, 6.9 బార్. ఆ రెండు లెవెల్స్‌లో ప్రొపేన్ దాదాపు మైనస్ 13, ప్లస్ 13 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఏ పేపరూ తెరవలేదు.

ఇదంతా వదిలేసి, చలి దేశపు ప్లాంటు పేపర్లోంచి 7 బార్ డిశ్చార్జి ఎత్తుకొచ్చారనుకోండి. 7 బార్ దగ్గర ప్రొపేన్ కండెన్స్ అయ్యేది 13 డిగ్రీలకు, మీ నీరేమో 32. చల్లబరచాల్సిన నీరే ప్రొపేన్ కంటే వేడిగా ఉంది కాబట్టి సిమ్యులేటర్ టెంపరేచర్ క్రాస్ అని అరుస్తుంది. పాపం, పిల్లలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ వారాలు పోగొట్టుకుంటారు.

అపోహ: సిలిండర్ గ్యాస్‌లా గట్టిగా నొక్కితే చాలు, సహజవాయువు ద్రవమైపోతుంది.
కాదు. సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్ క్రిటికల్ టెంపరేచర్ మైనస్ 82.6. అంతకు పైన ఎంత నొక్కినా ద్రవం కాదు.

అపోహ: ఒడిశాలోని ధామ్రా ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ డేటా చాలు.
అది దిగుమతి టెర్మినల్. వచ్చిన ద్రవాన్ని అక్కడ మళ్లీ గ్యాస్ చేస్తారు, మీ ప్రాజెక్టుకు సరిగ్గా తిరగేసిన పని.

అపోహ: పైప్‌లైన్ గ్యాస్ శుభ్రంగానే ఉంటుంది.
పొయ్యికి సరే. లిక్విఫాక్షన్‌కు (గ్యాస్‌ను ద్రవం చేయడానికి) మాత్రం కార్బన్ డయాక్సైడ్ 50 పీపీఎం లోపు, నీరు 1 పీపీఎం లోపు ఉండాలి. లేదంటే గడ్డకట్టి ఎక్స్ఛేంజర్ దారులు మూసుకుపోతాయి. పాదరసం ఉంటే ఎక్స్ఛేంజర్‌లోని అల్యూమినియాన్నే తినేస్తుంది.

అపోహ: సిమ్యులేషన్ కన్వర్జ్ అయింది (లెక్క కుదిరింది), ఇక సరే.
మెయిన్ ఎక్స్ఛేంజర్ రెండు చివర్లే చూసి సంబరపడకండి. వేడి, చల్లని ప్రవాహాల టెంపరేచర్ కర్వులు మధ్యలో కలుసుకుంటున్నాయేమో చూడండి. 2, 3 డిగ్రీల ఎడం ఎక్కడా తగ్గకూడదు. తగ్గితే మిక్స్‌డ్ రెఫ్రిజిరెంట్ (చల్లబరిచే వాయువుల మిశ్రమం) కంపోజిషన్ మార్చండి లేదా ఫ్లో పెంచండి. ఆ తర్వాత కంప్రెసర్ సక్షన్‌లో వేపర్ ఫ్రాక్షన్ (ఆవిరి వంతు) 1 ఉందో, అంటే ద్రవపు చుక్కలు లేవో లేదో చూసుకోండి. 0.98 ఉన్నా సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు వార్నింగ్‌తో సరిపెడుతుంది, అసలు మెషీన్‌లో ఆ చుక్కలు ఇంపెల్లర్‌ను (తిరిగే చక్రాన్ని) కొరికేస్తాయి.